తెప్ప ముక్కున కొబ్బరికాయ

ఎండ ఇంకా జీడితోటల మీదికి ఎక్కలేదు. పైడయ్య వాకిట్లో కూర్చుని కొత్త వలకి బెండ్లు కడుతున్నాడు. గుమ్మం ముందు మోటారు సైకిలు ఆగింది. మందస నుంచి వచ్చిన నారాయణరావు మేస్టారు దిగాడు.

"మందసలో మేస్టర్నండీ. చిన్న అర్జీ ఉంది. ఎమ్మెల్యే గారి అన్నయ్య ఇల్లు ఇదేనాండీ?"

పైడయ్య తలెత్తలేదు. "కాదు. ఇది పైడయ్య ఇల్లు."

ఆయన తికమకపడి పక్క వీధికి వెళ్ళిపోయాడు. లోపలి నుంచి భార్య దాలమ్మ చీపురుతో వచ్చింది.

"ఏటలాగ సెప్పేసినావు? ఆ అన్నయ్యవి నువ్వు కావేటి?"

"మా అమ్మ నాకు పేరెట్టనేదేటి?"

దాలమ్మ నవ్వు ఆపుకుంది. "నీకు కుళ్ళు మావా."

"కుళ్ళు సేపకుంటాది. నాకెందుకు?"

కానీ అతని మనసులో ఉన్నది అదే. తమ్ముడు కామేశ్ టెక్కలిలో డిగ్రీ చదువుతూ కాలేజీ సంఘానికి నాయకుడయ్యాడు. తుఫాను వచ్చిన ఏడు మోకాలి లోతు నీళ్ళలో ఇంటింటికీ బియ్యం మోశాడు. తరవాతి ఎన్నికల్లో టికెట్టు దొరికింది, గెలిచాడు. ఇరవై ఎనిమిదేళ్ళకే ఎమ్మెల్యే. అంతవరకు ఊళ్ళో అతన్ని 'పైడయ్య తమ్ముడు' అనేవారు. ఇప్పుడు పైడయ్యే 'ఎమ్మెల్యే అన్న' అయిపోయాడు. పలాసలో టీకొట్టు మనిషి బల్ల తుడిచి కూర్చోబెడితే, ఆ టీ గొంతు దిగేది కాదు. తుడిచింది తన కోసం కాదని అతనికి తెలుసు.

ఈరోజు కొత్త తెప్ప సముద్రంలో దిగుతుంది. తెప్ప నడిపేవాడే దాన్ని ఎక్కి, ముక్కు దగ్గర నిలబడి గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాలి. తండ్రి పోయినప్పటి నుంచి ఆ కాయ పైడయ్యదే. అయితే నిన్న ఊరి పెద్ద సింహాచలం వచ్చి, ఈసారి ఎమ్మెల్యే గారి చేత కొట్టిద్దామని చెప్పి వెళ్ళాడు.

"నాకు మిగిలింది అదొక్కటే," అన్నాడు పైడయ్య వల వైపే చూస్తూ. "అదీ ఆడికే కావాల."

"అయితే ఇయ్యనని నోరిప్పి సెప్పు."

"సెప్పుకోడానికి నానేటి అర్జీ ఎట్టుకునేవోణ్ణా?"

జీపు వచ్చేసరికి ఒడ్డంతా జనం. కామేశ్ తెల్లబట్టల్లో దిగాడు, వెనకే గన్‌మేన్. "అన్నియ్యా!" అంటూ దగ్గరికి రాబోయాడు. పైడయ్య వల సర్దుతున్నట్టు అటు తిరిగిపోయాడు. సింహాచలం కాయ తెచ్చి కామేశ్ చేతిలో పెట్టాడు. కామేశ్ తెప్ప ఎక్కడానికి కాలెత్తాడు. నల్లని బూటు, పసుపు పూసిన చెక్క మీదికి వెళ్తోంది.

తెప్పని చెప్పుకాలితో తొక్కకూడదు. ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. కామేశ్‌కీ తెలుసు. కానీ ఏడాదిగా కార్లూ స్టేజీలూ ఎక్కిన కాలు ఆ సంగతి మరిచిపోయింది. సింహాచలం ఇసక వైపు చూశాడు. మిగిలినవాళ్ళు సముద్రం వైపు చూశారు.

తొక్కనీ, అనుకున్నాడు పైడయ్య. అందరూ చూడనీ. ఆ ఒక్క క్షణం అతని మనసుకి ఎంతో తియ్యగా ఉంది. ఆ వెంటనే, తమ్ముడి వెనకాల ఊరంతా నవ్వబోయే నవ్వు చెవిలో పడ్డట్టయింది. తట్టుకోలేకపోయాడు.

"ఒరే! బూట్లిప్పరా! గంగమ్మ తల్లి తెప్పంటే నీ అసెంబ్లీ అనుకున్నావేటి?"

చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. కామేశ్ ఇసకలో కూలబడ్డాడు. కాయ మాత్రం వదల్లేదు. గన్‌మేన్ పరిగెత్తుకొచ్చాడు.

"ఒగ్గేయండి, మా అన్నియ్య," అన్నాడు కామేశ్ చెయ్యెత్తి.

పైడయ్య ఇక ఆగలేదు. "నా పేరు తీసేసుకున్నావు. నా ఇంటికి నీ పేరే సెప్తన్నారు. ఈ కాయ కూడా కావాలేటి నీకు?"

కామేశ్ తెల్లబోయాడు. "నానడిగినానా? నీకిష్టమేనని సింహాచలం మావ సెప్పినాడు."

"ఈడు కాదన్నేదు కదా బాబూ!" గొణిగాడు సింహాచలం.

కామేశ్ ఇసకలోనే కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు. తల పైకెత్తేసరికి కళ్ళనిండా నీళ్ళు.

"నన్ను 'ఒరే' అని ఎవులన్నారు అన్నియ్యా, గెలిసిన కాడ్నించీ? తప్పు సేత్తన్నా సూసి ఊరుకుంతారు. ఇప్పుడు సూసినావు కదా? నువ్వు కూకుంటే నీ సుట్టూ నవ్వుతారు. నానొత్తే నవ్వాపేసి నిలబడతారు. హైదరాబాదులో పొద్దున్నే లేసి, అన్నియ్య ఈపాటికి తెప్పలో అందరితో సరసాలాడతంటాడు అనుకుంతాను. నీమీద నాకెంత కుళ్ళో నీకేటి తెల్సు?"

దాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"సరిపోయింది. ఇద్దరూ ఒక్క కడుపునే పుట్టినారు," అంది.

ఎవరో ఫక్కున నవ్వారు. కామేశ్ కూడా నవ్వాడు, ముక్కు తుడుచుకుంటూ. లేచి వచ్చి రెండు చేతులతో కాయ అన్న ముందు పట్టుకున్నాడు. పైడయ్య తీసుకోబోయి ఆగి, ముందు తమ్ముడి చొక్కాకి అంటిన ఇసక దులిపాడు.

పైడయ్య తెప్ప ఎక్కి కొట్టాడు; కాయ ఒక్క దెబ్బకే పగిలింది. కామేశ్ వట్టికాళ్ళతో వెనక్కి వెళ్ళి, మిగతావాళ్ళ పక్కన తెప్పకి భుజం ఆనించాడు. మొదటి కెరటానికే తెల్లప్యాంటు నడుము దాకా తడిసింది.

అప్పుడే నారాయణరావు మేస్టారు జనాన్ని తప్పించుకుని నీళ్ళ అంచుకి వచ్చాడు.

"ఎమ్మెల్యే గారెక్కడండీ?"

పైడయ్య తెప్ప మీద నుంచి వంగి చూశాడు. పొద్దుటి మనిషిని గుర్తుపట్టి కాస్త సిగ్గుపడ్డాడు.

"అదిగో మేస్టారూ, ఎనకాల తోత్తన్నాడు సూడండి. ఇంకా గట్టిగా తోయమనండి." కెరటం హోరులో గొంతు పెంచాడు. "నాను ఆడి అన్నని!"