పుదూర్ సాత్తప్పన్లు

గుళ్లో అర్చన చేయించినప్పుడల్లా నాకొక సందేహం. చాలా ఏళ్లుగా ఉంది. మా చెట్టినాడులో మనవడికి తాత పేరే పెడతారు. తాతకు ముగ్గురు కొడుకులుంటే ముగ్గురి పెద్దకొడుకులకూ అదే పేరు. పూజారి ఆ పేరు చదివితే పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుంది? దేవుడు పోల్చుకుంటాడనే నమ్ముతాను. మనుషులు మాత్రం పోల్చుకోలేరు.

మదురైలో ప్రైవేట్ డిటెక్టివ్ ఆవుడైయప్పన్ ఆఫీసుకు ఒక ఉదయం చెమటలు కక్కుతూ ఒక యువకుడు వచ్చాడు.

"నా పేరు సాత్తప్పన్ అండీ. మాది పుదూర్. మా నాయనమ్మ కళుత్తురు పోయింది. పెళ్లినాటి బంగారు హారం. నేనే తీశానంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"వంటవాడు కేశవన్. మొన్న శుక్రవారం ఇనప్పెట్టె గదిలోంచి మా అమ్మ గొంతు విన్నాడట. 'సాత్తప్పా, వద్దురా, నగ అక్కడే పెట్టు' అందట. అమ్మేమో ఆ గది వైపే పోలేదంటోంది. కొడుకు కోసం అబద్ధమాడుతోందని అందరూ తీర్మానించేశారు. మంగళవారంలోగా నగ బయటపడకపోతే తల్లీకొడుకులిద్దర్నీ ఇల్లు వదిలి పొమ్మంది నాయనమ్మ. అమ్మ అన్నం మానేసింది."

"ఇంట్లో ఆ పేరు మీ ఒక్కరికేనా?"

"ఇంకో ఇద్దరున్నారండీ. బాబాయిల కొడుకులు."

అసిస్టెంట్ పెరుమాళ్ రాస్తున్న కలం ఆగిపోయింది. అతను మద్రాసులో పుట్టి పెరిగినవాడు. గురువుగారి ముఖం చూశాడు. ఆయన చిరునవ్వు నవ్వుతున్నారు.

మర్నాడు బస్సు వాళ్లను పుదూర్‌లో దింపింది. అరుగు మీద కూర్చున్న ముసలాయన చుట్ట తీసి అడిగాడు.

"సాత్తప్పన్ ఇల్లా? ఏ సాత్తప్పన్? పొట్టివాడా, పొగరువాడా?"

"నగ పోయిన ఇల్లు తాతా," అన్నాడు పెరుమాళ్.

"మా ఊళ్లో ఎవరి నగా పోలేదు నాయనా. నగ పోయిన పుదూర్ కావాలంటే వెనక్కి పోండి. ఈ తాలూకాలో పుదూర్లు చేటెడు."

అసలు పుదూర్ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇల్లు ఈ వీధి నుంచి ఆ వీధి దాకా ఉంది. లోపల గందరగోళం అంతకంటే పెద్దగా ఉంది. రెండో కోడలు దొంగ మూడో ఆవిడ కొడుకే అంది. మూడో ఆవిడ కాదు, రెండో ఆవిడ కొడుకే అంది. మగవాళ్లు ముందు హాల్లో ఏ సాత్తప్పన్ ఎప్పుడెక్కడున్నాడని వాదించుకుంటున్నారు. పెరుమాళ్ రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి తలపట్టుకున్నాడు.

ఆవుడైయప్పన్ వెళ్లి, తమ దగ్గరికొచ్చిన యువకుడి తల్లి, ఆ ఇంటి పెద్దకోడలు విశాలాక్షి ఎదుట కూర్చున్నారు.

"మీ అబ్బాయి పేరేమిటమ్మా?"

ఆమె పక్కనున్న పనిమనిషి వైపు చూసింది. పనిమనిషి "సాత్తప్పన్ అయ్యా" అంది.

"వాడు అలాంటివాడు కాదండీ. మా తంబి చీమకైనా హాని చెయ్యడు," అంది విశాలాక్షి.

"శుక్రవారం పొద్దున మీరెక్కడున్నారు?"

"బావి దగ్గర. అత్తయ్యకు తలంటుతున్నాం. కోడళ్లం ముగ్గురమూ అక్కడే. మధ్యలో వేన్నీళ్ల కోసం నేనొక్కదాన్నే వంటింటి దాకా వచ్చాను, అందుకే నా మాట నమ్మట్లేదు."

"అప్పుడు తాళాలగుత్తి?"

"పూజగదిలో అమ్మవారి పాదాల దగ్గర పెడతారండీ. నైవేద్యం పెట్టేదాకా ఎవరూ లోపలికి పోరు."

"నైవేద్యం ఎవరు తెస్తారు?"

"వంటాయనే."

వంటింట్లో కేశవన్ చెప్పిందే మళ్లీ చెప్పాడు, మాట తేడా లేకుండా. ఈ ఇంటికొచ్చి నాలుగు నెలలట, అంతకుముందు హోటల్లో పనట. చెబుతూనే కొట్లో కొన్న పొట్లం విప్పి సాంబారులో ఉప్పు వేశాడు. అటక మీద మూతికి గుడ్డ కట్టిన ఉప్పు జాడీ ఉంది.

"రెండ్రోజులుగా వంటలో ఉప్పు సరిగా పడట్లేదు," అని వడ్డిస్తూ గొణిగింది మూడో కోడలు.

మంగళవారం ఉదయం ఆవుడైయప్పన్ అందర్నీ లోపలి ముంగిట్లో కూర్చోబెట్టారు. మనవలు ముగ్గురూ ముందు హాల్లో ఉన్నారు.

"అమ్మా, ముగ్గురూ మీ మీ కొడుకుల్ని పిలవండి."

"తంబీ, ఇటు రా," అంది విశాలాక్షి.

"ఒరేయ్ నడిపోడా," అంది రెండో ఆవిడ.

మూడో ఆవిడ పిలవనేలేదు. పనిమనిషిని పంపింది.

"ఏ సాత్తప్పన్, ఏ సాత్తప్పన్ అని మూడు రోజులు కొట్టుకున్నారు," అన్నారు ఆవుడైయప్పన్. "పిలిచిందెవరని ఒక్కరైనా ఆలోచించారా? ఆ పేరు మొదట మామగారిది. ఈ ఇంటి కోడలు కన్నకొడుకును కూడా ఆ పేరుతో పిలవదు. ప్రాణం పోతున్నా పిలవదు. నేనడిగినా ఆవిడ నోట రాలేదు. ఈ ఇంటి ఆచారం ఎరగనివాడే ఆ మాట కల్పించగలడు."

అందరి కళ్లూ కేశవన్ మీదికి తిరిగాయి.

"వాళ్లు బావి దగ్గరున్నప్పుడు తాళాలు పూజగదిలో ఉన్నాయి. నైవేద్యంతో లోపలికి వెళ్లింది నువ్వు. నగ తీసి, గుత్తి మళ్లీ అమ్మవారి దగ్గరే పెట్టావు. బయటికి చేరవేసే వీల్లేక ఇంట్లోనే దాచావు. పెరుమాళ్, ఆ ఉప్పు జాడీ దింపు. ఇంట్లో జాడీ ఉండగా పొట్లం ఉప్పు కొన్నాడంటే చెయ్యి పెట్టడానికి భయమన్నమాట."

జాడీ అడుగున చెయ్యి పెట్టిన పెరుమాళ్ ఉప్పుతో తెల్లబడిన హారాన్ని పైకి తీశాడు. కేశవన్ తల దించుకున్నాడు. అతన్ని ఏం చెయ్యాలో మగవాళ్లు చూసుకుంటామన్నారు.

నాయనమ్మ హారం అందుకోలేదు. ముప్పై ఏళ్లుగా "పెద్దదానా" అని తప్ప పిలవని కోడలి వైపు చాలాసేపు చూసింది. అన్నం లేక కోడలి కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"విశాలాక్షీ," అంది. "రా. నా పక్కన ఆకు వేస్తారు. నువ్వు తిన్నాకే నేను తింటాను."