ఆవిడ సముద్రంలో దూకలేదు

శనివారం వచ్చిందంటే సిడ్నీ శివారు రౌస్ హిల్‌లోని ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కళావతి. పులిహోర కలిపి చిన్న డబ్బాల్లో సర్దడం ఆవిడ పని. కోడలు ఉదయశ్రీ డ్రైవ్‌వేలో వ్యాన్ టైర్లలో గాలి చూసుకుంటూ ఉంటుంది. మామగారు శ్రీపతి ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని, గొంతు సవరించుకుంటూ, ఇంకా ఎవరూ ఎక్కకముందే మైకు పట్టుకుని ముందు సీట్లో కూర్చుంటాడు. వారమంతా కంప్యూటర్ ముందు గడిపే కొడుకు భార్గవ్ మాత్రం ఆ ఒక్కరోజూ ఆలస్యంగా లేస్తాడు.

ఉదయశ్రీ బ్యాంకు ఉద్యోగం మానేసి ఈ వ్యాన్ కొన్నప్పుడు బంధువుల్లో చాలామంది నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. పిల్లల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చి, వాళ్లు ఆఫీసులకు వెళ్లాక గోడలు చూస్తూ కూర్చునే తల్లిదండ్రులు సిడ్నీలో ఎంతమంది ఉన్నారో ఆమెకు తెలుసు. వాళ్లను హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లి, అక్కణ్ణుంచి సముద్రం మీద వంకర తిరిగే వంతెన మీదుగా దక్షిణానికి వెళ్లి, చివర్లో ఒక చిన్న బీచ్‌లో డోరీన్ ఆంటీకి అప్పగిస్తుంది.

డోరీన్ ఆంటీ ఆ తీరపు ఆదివాసీ కుటుంబాల్లో పెద్దావిడ. అక్కడి నేల గురించి, చేపల గురించి, చెట్ల గురించి చెబుతూ సందర్శకుల్ని నడిపించడం ఆమె, ఆమె కూతురు సొంతంగా నడుపుకునే పని. పెద్దవాళ్లను ఆంటీ అని పిలవడం వాళ్లలోనూ మర్యాదే. అందుకే మనవాళ్లు మొదటి రోజే ఆవిడకు దగ్గరైపోయారు. నడక చివర్లో రాళ్ల దగ్గర నిలబడి ఆవిడ తన ఇంటి కథ ఒకటి చెబుతుంది. ఆదివాసీ పిల్లల్ని ప్రభుత్వం తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయిన రోజుల్లో వాళ్ల అమ్మమ్మను కూడా అక్కణ్ణుంచే ఎత్తుకెళ్లారు. ఆ కథ ఆవిడ ఆ చోట తప్ప ఇంకెక్కడా చెప్పదు. మొదట్లోనే ఉదయశ్రీతో ఆ మాట స్పష్టంగా అంది. ఉదయశ్రీ ఇంట్లో అందరికీ చెప్పింది.

శ్రీపతి తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆస్ట్రేలియా వచ్చిన మొదటి ఏడాది మాట్లాడే తోడు లేక సగమైపోయాడు. వ్యాన్‌లో మైకు దొరికాక మళ్లీ మనిషయ్యాడు. దారి పొడుగునా ఆయన చెప్పే కబుర్ల కోసమే రెండోసారి వచ్చేవాళ్లు ఉన్నారు. మామగారి ముఖంలో ఆ వెలుగు తెప్పించింది తన వ్యానేనని ఉదయశ్రీకి లోలోపల గర్వం కూడా ఉండేది.

ఆ శనివారం వ్యాన్‌లో విజయభాస్కర్ అనే పెద్దాయన, ఆయన మనవరాలు అనన్య కూడా ఉన్నారు. అనన్య ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. గుడి దగ్గర ఉదయశ్రీ పార్కింగ్ వెతుక్కుంటుంటే శ్రీపతి అందర్నీ చెట్టు కింద కూర్చోబెట్టి ఏదో చెప్పాడు. ఆమె తిరిగొచ్చేసరికి ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకుంటున్నారు. ఏ పురాణమో అనుకుని ఆమె నవ్వుకుంది.

బీచ్‌లో నడక పూర్తయింది. డోరీన్ ఆంటీ రాళ్ల దగ్గర ఆగి చెప్పడం మొదలుపెట్టగానే అనన్య చెయ్యెత్తింది. తనకు ఈ కథ తెలుసనీ, పొద్దునే గుడి దగ్గర శ్రీపతి తాతగారు చెప్పారనీ, పిల్లను తీసుకెళ్లగానే ఆ తల్లి ఈ రాయి మీంచే సముద్రంలోకి దూకేసింది కదా అనీ ఇంగ్లీషులో అడిగింది.

డోరీన్ ఆంటీ చెప్పడం ఆపేసింది. టోపీ తీసి చేత్తో పట్టుకుంది. తర్వాత మామూలు గొంతుతోనే, ఇవాళ్టికి నడక అయిపోయిందని చెప్పి, ఉదయశ్రీని పక్కకు పిలిచింది.

“ఆవిడ దూకలేదు” అంది. “చావలేదు. ముసలిదయ్యేదాకా ఇక్కడే గుడిసె వేసుకుని ఉంది. ఎంతమంది పొమ్మన్నా కదల్లేదు. పెద్దదయ్యాక మా అమ్మమ్మ వెతుక్కుంటూ వస్తే, తనను లాక్కెళ్లిన చోటే వాళ్లమ్మ దొరికింది. అందుకే నేనున్నాను. మా ఇంట్లో ఆ ఒక్క గెలుపే ఉంది. దాన్ని కూడా మీరు చంపేశారు.”

వచ్చే వారం నుంచి ఎవర్నీ తీసుకురావద్దని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది.

ఉదయశ్రీ వ్యాన్ ఎక్కేసరికి వెనక సీట్లలోంచి ఎవరో ఆ కథ మళ్లీ చెప్పమని అడుగుతున్నారు. పొద్దున రికార్డ్ చేసుకోలేదట. శ్రీపతి మైకు అందుకున్నాడు. ఆమె స్టీరింగ్ వదిలి, పక్కకి తిరిగి, ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది.

“మామయ్యగారూ, ఆ కథ ఇక ఈ బండిలో చెప్పొద్దు” అంది. తర్వాత అందరి వైపు చూసి, పొద్దున విన్నది నిజం కాదనీ, ఆ తల్లి దూకలేదనీ, కూతురు తిరిగొచ్చేదాకా బతికే ఉందనీ చెప్పింది. ఎవరి ఫోన్లో అయినా అది ఉంటే ఇప్పుడే తీసేయమంది. తీసేసేదాకా బండి కదల్లేదు.

ఇంటికొచ్చేదాకా శ్రీపతి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. వచ్చాక లాల్చీ విప్పి మంచం మీద పడేసి, భోజనం వద్దన్నాడు. కళావతి బతిమాలితే వచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ అన్నం ముట్టలేదు. జరిగింది విని భార్గవ్ ముఖం ఎర్రబడింది.

“నాన్నకి సారీ చెప్పు, ఉదయా. తప్పో రైటో తర్వాత. అంతమంది ముందు పబ్లిక్‌గా మైక్ లాక్కున్నావ్. ఇంటికొచ్చాక చెప్పుంటే పోయేది కదా.”

“కథ అందరి ముందూ చెప్పారు. ఇంట్లో సరిదిద్దితే విన్నవాళ్లకి ఎట్లా తెలుస్తుంది?” అంది ఉదయశ్రీ. “సారీ నేను చెప్పను.”

కళావతి కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్దాయనకి మిగిలింది ఆ మాట్లాడుకోవడమొక్కటేననీ, అది కూడా లాగేసుకుంటే ఆయన ఏమైపోవాలనీ అంది. ఉదయశ్రీ అత్తగారికి మంచినీళ్లు అందించింది గానీ వెనక్కి తగ్గలేదు. డోరీన్ ఆంటీ తనంతట తాను రమ్మనేదాకా ఆ తీరానికి బండి వెళ్లదనీ, ఆవిడ కథను అమ్ముకుని నడపాల్సొస్తే బండినే అమ్మేస్తాననీ చెప్పింది.

అప్పుడు శ్రీపతి నోరు విప్పాడు. “కథన్నాక ఒకచోట పెంచుతాం, ఒకచోట తగ్గిస్తాం. తల్లి ఊరికే కూర్చుందంటే వినేవాళ్లకి ఏముంటుంది? దూకింది అన్నాను. విన్నవాళ్లు ఏడ్చారు. వాళ్ల జాతికి జరిగిన అన్యాయం అర్థం చేసుకున్నారు. ఇందులో నేను చేసిన ద్రోహమేంటమ్మాయ్?”

ఉదయశ్రీ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

“మామయ్యగారూ, లలితకుమారి అత్తయ్య కథ బండిలో ఎప్పుడైనా చెప్పారా?”

భార్గవ్ తలెత్తి చూశాడు. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. శ్రీపతి చెల్లెలు లలితకుమారి చిన్నపిల్లగా ఉన్నప్పుడు బెజవాడ స్టేషన్ జనంలో తప్పిపోయింది. మళ్లీ దొరకలేదు. ఆ తర్వాత శ్రీపతి తల్లి ఇల్లు మారనంటే మారనంది. పైకప్పు కారుతున్నా, పిల్లలు వేరే చోట ఇల్లు కట్టినా, ఆ పిల్లకు తెలిసింది ఈ గుమ్మమొక్కటేనని అక్కడే ఉండి అక్కడే కన్నుమూసింది. ఉదయశ్రీకి ఈ సంగతి చెప్పింది కళావతే.

“అది చెప్పేది కాదు” అన్నాడు శ్రీపతి. “అది మా అమ్మది.”

“ఎవరో అది విని, ఆవిడ ఊరికే కూర్చుంటే రక్తి కట్టదని, కృష్ణలో దూకిందని మైకులో చెబితే మీరు ఊరుకుంటారా?”

“ఇక చాలు, ఉదయా” అన్నాడు భార్గవ్.

ఆమె ఆ మాట ఎందుకన్నానా అని భయపడలేదు. మామగారి కళ్లలోకి అలాగే చూస్తూ ఉంది. శ్రీపతి కంచంలో చెయ్యి కడిగేసుకుని, పెరట్లోకి వెళ్లి, బట్టలారేసే తీగ పక్కన నిలబడిపోయాడు. ఆ పూట ఎవరూ ఆయన దగ్గరికి వెళ్లడానికి సాహసించలేదు.

సోమవారం పొద్దున ఉదయశ్రీ వ్యాన్ కడుగుతుంటే ఆయనే వచ్చాడు. తనను ఆ బీచ్‌కి తీసుకెళ్లమని అడిగాడు.

“ఆవిడ మాట్లాడకపోవచ్చు, మామయ్యగారూ.”

“మాట్లాడకపోతే నిలబడి వస్తాను.”

భార్గవ్ సెలవు పెట్టి తనూ వస్తానన్నాడు. దారిలో, డోరీన్ ఆంటీని కలిసేలోపు ఇంట్లోవాళ్లమైనా కలిసిపోతే బాగుంటుందనీ, ఉదయ ఒక్క మాట అంటే సరిపోతుందనీ మళ్లీ మొదలుపెట్టాడు. వెనక సీట్లోంచి శ్రీపతి కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

“దాన్ని సారీ అడగొద్దురా. అది చెప్పినా నేను తీసుకోను” అన్నాడు.

డోరీన్ ఆంటీ పడవల రేవు దగ్గర ఉంది. ఉదయశ్రీని చూసి తలూపింది, శ్రీపతిని చూసి చేతులు కట్టుకుంది. తర్జుమా చేయడానికి ఉదయశ్రీ ముందుకు వస్తే ఆయన వద్దన్నాడు. తనకున్న స్కూలు ఇంగ్లీషులోనే, పదం పదం వెతుక్కుంటూ మాట్లాడాడు. మీ ముత్తవ్వ బతికి ఉందని మీరు చెబితే నేను విన్నాను, విని కూడా చంపేశాను అన్నాడు. మా అమ్మ కూడా అట్లాగే కదలకుండా కూర్చుంది, ఆ కూర్చోవడం ఎంత కష్టమో చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు తెలిసి ఉండాల్సింది అన్నాడు. చెల్లెలు చిన్నప్పుడు తప్పిపోయిందని చెప్పాడు గానీ, పేరు చెప్పలేదు.

డోరీన్ ఆంటీ పర్వాలేదని అనలేదు. రాళ్ల వైపు నడిచింది. కొంతదూరం వెళ్లి, వెనక్కి తిరిగి రమ్మన్నట్టు తలూపింది. ముగ్గురూ వెళ్లారు. ఆ చోట నిలబడి ఆవిడ కథంతా మొదట్నుంచీ చెప్పింది. శ్రీపతి ఈసారి బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని విన్నాడు. భార్గవ్ అదే మొదటిసారి వినడం. ఆ తల్లి ముసలితనంలో, బాట మీద నడిచొస్తున్న పెద్దదైన కూతుర్ని దూరం నుంచే నడకను బట్టి పోల్చుకుందని విన్నప్పుడు, అతను పక్కనున్న భార్య చెయ్యి పట్టుకున్నాడు.

శనివారం అందర్నీ తీసుకురమ్మని డోరీన్ ఆంటీ ఉదయశ్రీతో అంది. ఈయన కూడా రావాలనీ, వెనక వరసలో నిలబడి వినాలనీ అంది. తర్వాత శ్రీపతి వైపు తిరిగి, మీ చెల్లెలు తిరిగొచ్చిందా అని అడిగింది. ఆయన లేదన్నట్టు తలూపాడు.

“ఆమె పేరేమిటి?”

“లలితకుమారి” అన్నాడు శ్రీపతి. ఎన్నో ఏళ్లుగా అనని పేరు. అంటూనే ఏడ్చేశాడు.

డోరీన్ ఆంటీ ఆ పేరు పలికింది. తప్పుగా పలికింది. మాస్టారు కళ్లు తుడుచుకుని సరిదిద్దాడు. ఆవిడ రెండోసారి, మూడోసారి ప్రయత్నించి, చివరికి అక్షరం పొల్లుపోకుండా, సముద్రం వైపు తిరిగి గట్టిగా అంది.