శనివారం బండికి తలంటు

1967 సెప్టెంబరు మూడో తేదీ, ఆదివారం. ఆ పొద్దున తిన్నది వీరాస్వామికి చాలా ఏళ్లు గుర్తుంది. రెండు వేడి ఫరాటా రొట్టెలు, రుగాయ్ అనే టమాటా పులుసు, పక్కన కాస్త చేప కూర. చేపలో ఒక్క ముల్లు కూడా తగల్లేదు. కన్నమ్మ ముందే కూర్చుని ఏరిపెట్టింది. కూతురి ఆ శ్రద్ధకు ఇంకో రోజైతే మురిసిపోయేవాడు. ఆ రోజు మాత్రం, ‘ఇంత ప్రేమ దేనికి?’ అనిపించింది.

టిఫిను కాగానే తమ ఊరు రోజ్ బెల్ నుంచి సముద్రం ఒడ్డునున్న సుయాక్ వెళ్లాలి. కృష్ణస్వామి కొడుక్కి కన్నమ్మను ఇస్తానని మాటిచ్చి రావాలి. పిల్లను అడగలేదు. అడుగుతూ కూర్చుంటే పరువు దక్కదంది అక్క పాపమ్మ. మరదలు పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంటి పొయ్యీ తాళాలూ చూసుకునేది ఆమే.

“మూడు నెలలుగా మిషెలిన్ దగ్గర కుట్టు నేర్చుకుంటోందట నీ కూతురు. ఇంతవరకూ చేతిరుమాలు ఒక్కటి కుట్టి తెచ్చిందా? మిషెలిన్ మొగుడి మెకానిక్ షెడ్డు ఇంటి వెనకే ఉంది. అందులో పెళ్లికాని కుర్రాళ్లు నలుగురు. దీని గోళ్లకింద నలుపు చూడలేదా తమ్ముడూ?”

చూడలేదు. ఈ మధ్య అతను చూడలేనివి చాలానే ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇంటి షెడ్డులోంచి పాత నల్ల మోరిస్ కారును బయటికి తీసి, ఇంజను కాసేపు వేడెక్కనిచ్చాడో లేదో, ‘ఫట్’మని చప్పుడైంది. బానెట్ కిందనుంచి ఆవిరి ఎగజిమ్మింది. ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య ఉండే నీళ్ల గొట్టం పొడుగునా చీలింది.

“నిన్న బాగానే ఉందే! నా చేత్తో తుడిచాను. ఎవరో కోశారు.”

“ఎవరో ఏమిటి? సుయాక్ ప్రయాణం గిట్టనివాళ్లు,” అంది పాపమ్మ గుమ్మంలోంచి.

వీరాస్వామి కూతురివైపు చూశాడు. కన్నమ్మ ముఖం పాలిపోయింది. సుయాక్ ఎందుకో ఆమెకు అప్పుడే అర్థమైంది.

షెడ్డు గోడకు కొత్త గొట్టం ఒకటి వేలాడుతోంది. చల్లారాక పాతది ఊడదీసి, అది తొడగబోయాడు. ఎక్కదు. తిప్పాడు, నెట్టాడు, మోకాలు బంపరుకు ఆనించి దేవుణ్ని తలుచుకున్నాడు. అంగుళం ఎక్కినట్టే ఎక్కి జారివచ్చింది. వేలి కణుపు చిట్లింది.

“అక్కా, కొబ్బరినూనె ఇలా తే!”

“నూనె వద్దు నాయనా.”

“నీకేం తెలుసు?”

కన్నమ్మ టీకోసం కాగుతున్న నీళ్లు గిన్నెలో పోసుకొచ్చి గొట్టం కొస అందులో ముంచింది. కొబ్బరిపీచుతో, గొట్టం ఎక్కాల్సిన ఇనప మూతి చుట్టూ అంటుకున్న పాత రబ్బరు పొర గీకింది. తండ్రి ఆ పొరమీదే ఇందాకటినుంచీ కుస్తీ పడుతున్నాడు.

“బిగింపు పట్టీ ముందే తొడగాలి నాయనా. తర్వాత ఎక్కించలేం.” సబ్బునీళ్లు రాసి, మెత్తబడ్డ గొట్టాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ నెట్టింది. గొట్టం సరిగ్గా కూర్చుంది. రెండో కొసా అంతే. స్క్రూ బిగించి, రేడియేటరులో నీళ్లు నింపి చేయి తుడుచుకుంది.

వీరాస్వామి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. “ఇది కుట్టుపనా? ఎవడు నేర్పాడు?”

“మిషెలిన్ ఆంటీ వాళ్లాయన, తోన్‌తోన్ జీన్ బాబాయి. ఆంటీ కూడా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది.”

“విన్నావా తమ్ముడూ! ఒప్పేసుకుంది!”

“ఉండత్తా!” కన్నమ్మ చీలిన గొట్టం తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. “కళ్లతో కాదు, వేలు పెట్టి చూడు నాయనా.”

పెట్టాడు. ఉబ్బి, జిగటగా, మిగలపండిన అరటిపండులా ఉంది. కోత కాదు. కుళ్లు.

“ప్రతి శనివారం నువ్వు తలంటుకుని, ఆ నూనె చేత్తోనే దీనికీ పట్టించావు. అమ్మ పోయినప్పట్నుంచీ ఒక్క వారం మానలేదు. రబ్బరుకి నూనె విషమట.”

మనిషికి మంచిది బండికీ మంచిదే అనుకున్నాడు. “మరి ముందే చెప్పలేదేం?”

“ఎక్కడ నేర్చావని అడుగుతావు. డ్రైవింగు సంగతి బయటపడుతుంది. పరీక్ష పాసై పది రోజులైంది.”

“డ్రైవింగు నీకెందుకే?”

“మేలో కల్వర్టు గోడకి గీసుకున్నావు. మేక అడ్డొచ్చిందన్నావు. నీ కోటు ఉతకబోతే డాక్టరు చీటీ దొరికింది. కళ్లలో పొర, బండి నడపకూడదని ఉంది. నువ్వు ఇంట్లో కూర్చుంటే కార్తియే మిలితేర్ ఊరెళ్లి పిల్లలకు తెలుగు ఎవరు చెబుతారు? అక్కడ భజన ఎవరు ఎత్తుకుంటారు?” ఆమెకు ఏడుపు పొంగుకొచ్చింది. “నన్నొక్క మాట అడిగితే సరిపోయేది కదా నాయనా.”

“నువ్వూ నన్ను అడగలేదు కదమ్మా.”

“అడిగితే నిజం చెప్పేవాడివా?”

చెప్పేవాడు కాదు. అతను మడ్‌గార్డు మీద చేయి ఆనించి తల దించుకున్నాడు. పాపమ్మ వచ్చి, తన కొంగు చింపి తమ్ముడి వేలికి కట్టింది. తర్వాత మేనకోడలి తల నిమిరింది. “నా నోరు పడిపోను,” అని గొణిగింది.

“సుయాక్ వెళ్లు నాయనా. బండి ఆగదు,” అంది కన్నమ్మ, ముఖం పక్కకు తిప్పుకుని.

వీరాస్వామి కారు చుట్టూ తిరిగి వెళ్లి ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు. “నువ్వే తీసుకెళ్లాలి.”

సుయాక్‌లో కృష్ణస్వామి అరుగు దిగి ఎదురొచ్చాడు. వీరాస్వామి చేతులు జోడించాడు. “మాటివ్వడానికి రాలేదు బావగారూ. మా అమ్మాయిని అడక్కుండానే మీకు కబురు పెట్టాను. నా తప్పు చెప్పుకోవడానికి వచ్చాను.”

కృష్ణస్వామి కన్నమ్మను, ఆమె చేతిలోని స్టీరింగును చూసి పెద్దగా నవ్వాడు. “తప్పు చెప్పుకోవడానికి మిమ్మల్ని ఇంతదూరం మోసుకొచ్చిందా! ముందు టీ తాగండి. పిల్లకు మనసైన రోజునే మాట్లాడుకుందాం.”

దారి పొడుగునా గొట్టం ఒక్క చుక్క కారలేదు. ఇంటికి చేరేసరికి దీపాలవేళ అయింది. కన్నమ్మ ముందుగది బల్లమీద కూర్చున్నదల్లా కూర్చున్నట్టే నిద్రపోయింది. అన్నానికి లేపబోయిన పాపమ్మను వీరాస్వామి సైగతో ఆపాడు. వీధి తలుపు ఎప్పుడూ గచ్చుకు రాసుకుని కిర్రుమంటుంది. దాన్ని రెండు చేతులా కాస్త పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా మూశాడు.