అర చుక్క తేడా

గ్రాఫిక్స్ కిట్ రాసిన ప్రోగ్రామర్ శవం ఆఫీసు లిఫ్టులో దొరికింది. చేతిలో కాఫీ కప్పు అలాగే ఉంది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

"విషం," అన్నాడు చీఫ్. "కూర్చో, మౌనీ."

ఏజెంట్ కూర్చోలేదు. అతన్ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ మౌని అనే పిలుస్తారు.

"తెర మీద బొమ్మలు గీయడానికి ప్రోగ్రాములన్నీ ఈ కిట్‌నే వాడతాయి. నిన్న రేవు కంట్రోల్ టవర్‌లో కొత్త వెర్షన్ ఎక్కించారు. పాత ప్రోగ్రాములు కూడా దానిమీద నడవాలని లోపల కంపాటిబిలిటీ లేయర్ ఒకటి పెట్టారు. విదేశీ ముఠా దాన్ని మార్చేసింది."

"ఏం మార్చారు?"

"పాత కిట్ తెరమీది చుక్కని, అంటే పిక్సెల్‌ని, మూల నుంచి కొలిచేది. కొత్తది మధ్య నుంచి. ఆ అర చుక్క తేడాని లేయర్ ఒక్కసారే సరిచెయ్యాలి. ఇప్పుడు రెండుసార్లు సరిచేస్తోంది."

మౌనికి రేవు గుర్తొచ్చింది. పొగమంచులో ఓడల్ని నడిపించే రేవు ప్రోగ్రాం పాతది. రేవంతా ఒక్క తెరమీద ఇరికించిన స్కేలులో అర చుక్కంటే ఓడ వెడల్పులో సగం.

"టెస్టింగ్‌లో దొరకలేదా?"

"బొమ్మ వచ్చింది. కంపాటిబుల్ అని రాసేశారు."

ఆ వృత్తిలో అందరూ చేసే పొరపాటే అది. బొమ్మ కనిపిస్తే చాలు, ఎక్కడ కనిపిస్తోందో ఎవరూ కొలవరు.

"సాయంత్రం గ్యాస్ ఓడ వస్తుంది. ఈలోగా సరిచెయ్యాలి. సరిచెయ్యగలవాణ్ణి చంపేశారు, పాత కిట్ కాపీలన్నీ చెరిపేశారు. ఒక్కటే మిగిలింది, ముత్యం దగ్గర."

"ఆవిడ ఎవరి మనిషి?"

"మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఇవాళ ఎవరి మనిషో తేల్చుకోవడం నీ పని."

రేవు మెకానిక్ యూనిఫాం, భుజాన టూల్‌కిట్. ఈ వేషానికి మౌని పెద్దగా కష్టపడక్కర్లేదు. ఇంట్లో అతని పాత వెర్షన్ ఒకటి ఏళ్ళుగా నడుస్తూనే ఉంది: మానిటర్లు బాగుచేసుకునే, ఎందుకూ కొరగాని తమ్ముడు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా రెంటిలో ఏది తను, ఏది పైపూత అని వెతుక్కుంటాడు. ఈమధ్య వెతకడానికి కూడా భయమేస్తోంది.

టవర్ వెనక సర్వర్ గదిలో ఆమె నిలబడి ఉంది. నల్ల కోటు, చెవులకు ముత్యాలు. కిట్ అమ్మే కంపెనీ ప్రతినిధినని కార్డు తగిలించుకుంది.

"తెర మసకగా ఉందా?" అన్నాడు.

"తెర బాగానే ఉంది. కళ్ళే మసక," అంది. కోడ్ కలిసింది.

ఎడమ చెవి ముత్యం తీసి అతని అరచేతిలో పెట్టింది. తిప్పితే చిన్న డ్రైవ్. "పాత కిట్ ఫైలు ఇందులో ఉంది. నేను వెళ్తాను."

అప్పుడే గోడమీది స్పీకరు గరగరలాడింది.

"టవర్, గ్యాస్ ఓడ పైలట్‌ని. మంచు ముదురుతోందని ముందే వచ్చేశాం. రేవు కాలువలోకి తిరిగాను."

మౌని స్పీకరు వైపు తిరిగాడు. అది అక్క గొంతు. బయటి ఓడల్ని రేవులోకి నడిపించే పైలట్ ఆమె; ఇవాళ సెలవని చెప్పింది.

ఫోన్ తీశాడు. "చీఫ్, ఓడ ఆపించండి."

"కాలువలోకి వచ్చాక అంత బరువు ఆగదు."

ముత్యం తలుపు దాకా వెళ్ళింది. ఆ నడకలో తొందర ఉంది. పని ముగించుకున్న మనిషి తొందర కాదది. ఇల్లు అంటుకుంటుందని ముందే తెలిసిన మనిషి తొందర.

మౌని ఒక్క అంగలో తలుపు చేరి, తాళం వేసి, తాళంచెవి కిటికీలోంచి విసిరేశాడు.

"పిచ్చా నీకు?"

"ఓడ రాళ్ళకి తగిలితే ముందు కాలేది ఈ టవరే. ఇప్పుడు చెప్పు. ఇదేనా ఫైలు?"

ఆమె పెదవులు తెల్లబడ్డాయి. స్పీకర్లో అక్క ఓడ వేగం, దిశ అప్పజెబుతోంది. ముత్యం చెయ్యి మెల్లగా కుడి చెవికి వెళ్ళింది.

"అది కాదు. ఇది."

అతను రెండో ముత్యాన్ని సర్వర్‌కి గుచ్చాడు. కొత్త కిట్‌ని తీసేసే అధికారం అతనికి లేదు. అక్కర్లేదు కూడా. ఏ ప్రోగ్రామైనా కావలసిన ఫైలుని ముందు తన ఫోల్డర్‌లో వెతుక్కుంటుంది, దొరక్కపోతేనే బయటికి వెళ్తుంది. పాత కిట్ ఫైలుని ప్రోగ్రాం ఫోల్డర్‌లో పడేసి రీస్టార్ట్ నొక్కాడు.

గదిలోని మానిటరూ, టవర్ తెరా కలిసి నల్లబడ్డాయి.

"ఏమయ్యా మెకానిక్కూ! ఏం చేశావ్?" టవర్‌లో ఓడలకి దారి చెప్పే కంట్రోలర్ అవతలినుంచి తలుపు బాదాడు.

"టవర్? దారి చెప్పండి... టవర్!" అక్క గొంతులో మొదటిసారి వణుకు.

మౌని మానిటర్ మీదికి వంగాడు. ముత్యం అబద్ధం చెప్పి ఉంటే అక్కని తన చేత్తోనే చంపినట్టు. ఆ నల్లటి తెరలో అతని ముఖం కనిపించింది. ఏ వెర్షనో పోల్చుకోలేకపోయాడు.

తెర వెలిగింది. ఓడ గుర్తు రాళ్ళ పక్కకి గెంతింది.

"ఎడమకి! మేడమ్, పూర్తిగా ఎడమకి!" తన తెర దగ్గరికి పరిగెత్తిన కంట్రోలర్ స్పీకర్లో అరిచాడు.

స్పీకర్లో ఇనుము రాతిని గీసుకుంటున్న చప్పుడు. సాగింది. సన్నగిల్లింది. ఆగిపోయింది.

"దాటాం," అంది అక్క. "రంగు పోయిందంతే."

ముత్యం గోడకి జారగిలబడింది. "నన్ను నమ్మావన్నమాట."

"నిన్ను కాదు. నీ ప్రాణభయాన్ని."

సిబ్బంది తలుపు పగలగొట్టారు. రేవు పోలీసులు ముత్యాన్ని తీసుకెళ్ళారు. ఒడ్డుకి దిగిన అక్క మెట్లెక్కి వచ్చి తమ్ముణ్ణి చూసి నిలబడిపోయింది.

"నువ్వా ఆ మెకానిక్కువి? సరిగ్గా మలుపులో తెర ఆర్పేస్తావురా? చచ్చేదాన్ని!"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చీఫ్ ముఖం గుర్తొచ్చి వెనక్కి మళ్ళింది.

"వైరు వదులైందక్కా."

"ఆ ఒక్క పనీ చేతకాకపోతే ఎలారా?" చెంపమీద ఒకటి అంటించి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది. ఆమె ఇంకా వణుకుతోంది.

ఆ రోజు డిపార్ట్‌మెంట్ మౌనికి పతకం సిఫారసు చేసింది, రహస్యంగా. రేవు యాజమాన్యం మెకానిక్‌ని పనిలోంచి తీసేసింది, బహిరంగంగా.