హ్యాండిల్ రెండుసార్లు

"అసలు మీరిక్కడ ఏం చేస్తున్నారండీ?"

నసీమున్నీసా మోటారు గదిలోకి వస్తూనే అడిగింది. కాలేషా ఉలిక్కిపడ్డాడు.

"ఎలక్ట్రీషియన్నండీ."

"అది కాదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నా కంప్యూటర్‌కి మతి పోతోంది."

"కరెంటు తీసేది నేను కాదుగా. బోర్డు వాళ్ళని అడగండి."

ఆమె విసురుగా వెళ్ళిపోయింది. వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయాడు.

పెదకాకాని రోడ్డులో చెంచురామయ్య గారి మిర్చి కోల్డ్ స్టోరేజి అది. ఎనభై ఎనిమిదో సంవత్సరం. చాంబర్ల చలి చూసి కంప్రెసర్లు వేసి ఆపే కంప్యూటర్ కొన్నారాయన. దాన్ని నడిపే మూల ప్రోగ్రాం, కెర్నెల్, రాసింది నసీమున్నీసా. వేటపాలెం పిల్ల.

ప్రాసెసర్‌లో కంట్రోల్ రిజిస్టర్ అని ఒకటుంటుంది. బయటి యంత్రాల నుంచి వచ్చే ఏ పిలుపుకి పలకాలో, దేనికి పలకకూడదో అందులో ఉంటుంది. కరెంటు పోతే చెరిగిపోతుంది. పోయే క్షణంలో కెర్నెల్ దాన్ని బ్యాటరీ మెమరీలో దాచాలి, వచ్చాక తిరిగి పెట్టాలి. ఆమె పనిచేసే కంపెనీలో పరీక్షించినప్పుడు బాగానే పెట్టింది. ఇక్కడ సున్నాలు పెడుతోంది.

చెంచురామయ్య గారు తేల్చేశారు. "అమ్మాయ్, శనివారం దాకా చూస్తా. కాయ రంగు పోతే రైతులు నన్ను బతకనివ్వరు. ఆ కంప్యూటర్ పెట్టె వెనక్కి, నువ్వూ వెనక్కి."

అది విన్నాక కాలేషాకి అన్నం సయించలేదు. పెట్టె పోతే పోనీ.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె మోటారు గదిలో స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఇవాళ మిమ్మల్నే చూస్తా."

కాలేషా చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

"మిమ్మల్నంటే మీ పనిని!"

"అదే, అదే."

వాన వచ్చింది. కరెంటు పోయింది. జల్లు ఆమె మీద పడుతుంటే కిటికీకి గోనెపట్టా కట్టాడు. మిర్చి ఘాటుకి ఆమె తుమ్మింది. అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది.

కరెంటు వచ్చింది. కాలేషా మెయిన్ స్విచ్ హ్యాండిల్ ఎత్తాడు. మోటారు హోరు చెవి పెట్టి విన్నాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"ఆగండి! ఎందుకు దించారు?"

"మూడు ఫేజులూ వచ్చాయో లేదో విని, ఒకసారి తీసి వేస్తామండీ. ఈ పక్కంతా అంతే."

ఆమె నుదురు కొట్టుకుంది. "పాతవి తిరిగి పెట్టేలోపే మీరు దించేస్తున్నారు. కెర్నెల్ ఖాళీ రిజిస్టర్‌ని దాచుకుంటోంది. మంచివాటి మీద సున్నాలు!"

"అయితే రేపట్నుంచి ఒక్కసారే వేస్తా. మోటారు కాలినా సరే."

"కాలితే మీ ఉద్యోగం పోదా?"

"మీది ఉంటుందిగా."

కాలేషా గబుక్కున వైర్ల వైపు తిరిగాడు.

శనివారం చెంచురామయ్య గారు కంప్యూటర్ ముందు నిలబడ్డారు. కరెంటు పోయి వచ్చింది. మోటారు గదిలో కాలేషా హ్యాండిల్ ఎత్తి, చెయ్యి అక్కడే బిగించేశాడు.

"దించండి!" గుమ్మంలోంచి అరిచింది నసీమున్నీసా. "మీరు అలవాటు మానక్కర్లేదు. పాతవి పెట్టడం పూర్తయ్యేదాకా కొత్తగా ఏదీ దాచొద్దని కెర్నెల్‌కే చెప్పా."

దించాడు. ఎత్తాడు. అవతలి గదిలో కంప్యూటర్ పలికింది. కంప్రెసర్లు వరసగా లేచాయి.

"ఇక పెట్టె ఉండనీ," అన్నారు చెంచురామయ్య గారు. "సీజన్ అయ్యేదాకా అమ్మాయీ ఉండాల."

ఆయన వెళ్ళాక కాలేషా మెల్లగా అడిగాడు. "సీజన్ అయ్యాక?"

"మా నాన్న ఆదివారాలు ఇంట్లోనే ఉంటారు."

"అంటే?"

"అంటే మీ అమ్మగారిని తీసుకు రమ్మని! అన్నీ నేనే చెప్పాలా?"

ఆదివారం వేటపాలెం బస్సులో మాబూబీ కొడుకుని అడిగింది. "ఏరా, పిల్ల ఎట్టాంటిది?"

"నన్ను మారమనలేదమ్మా. తన ప్రోగ్రామే మార్చుకుంది."

మాబూబీ ఒళ్ళో ఉన్న మిఠాయి పొట్లం వైపు చూసుకుంది.

"ముందే చెప్పొచ్చుగా. ఇంకో అరకిలో కట్టించేదాన్ని."