టేపు అంటించిన తలుపు

నేనెప్పుడూ కథ రాసినదాన్ని కాదు. చదివింది ఐదో తరగతి. రాసినవల్లా ఇంటికి ఉత్తరాలు, అవీ క్షేమసమాచారాల దగ్గరే సగం అయిపోయేవి. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమట్లు పడతాయి. అందుకే రూతమ్మ నాతో చెప్పుకున్న సంగతి నోటితో చెప్పలేక కాగితం మీద పెడుతున్నాను. చదివేటప్పుడు గది తలుపు వేసుకుంటారో, తీసి ఉంచుకుంటారో మీ ఇష్టం.

రూతమ్మది రాజోలు దగ్గర పల్లె. రియాద్‌లో, సులై పేట గోడౌన్లకి ఇవతల, ఒక సౌదీ కుటుంబం ఇంట్లో పనికి కుదిరింది. అదే ఇంట్లో గురవమ్మ వంట చేసేది. చిట్వేలి మనిషి. రూతమ్మ కన్నా వయసులో పెద్దది, నోరు ఇంకా పెద్దది. ఆ నోటితోనే రూతమ్మకి అరబ్బీ ముక్కలు నేర్పింది, జ్వరమొస్తే కసిరి కసిరి గంజి తాగించింది.

కువైట్ యుద్ధం జరుగుతున్న చలికాలం అది. ఇరాక్ వైపు నుంచి మిస్సైళ్లు వచ్చి పడేవి. వాటిలో విషవాయువు ఉంటుందని ఊరంతా భయం. ఇంటింటా ఒక గది చూసుకుని, కిటికీలకి ప్లాస్టిక్ కాగితం పరిచి, చుట్టూ వెడల్పాటి టేపు అంటించుకున్నారు. ఆ ఇంట్లో మేడ మీది గది అలా తయారైంది. సైరన్ మోగగానే అందరూ అందులోకి దూరాలి. ఆఖరున తలుపు సందుల వెంట టేపు వేసి, కింద తడి తువ్వాలు కుక్కాలి. ఆ పని రూతమ్మది. ముడత పడకుండా టేపు అంటించడంలో ఆమె చెయ్యి అంత వాటం.

మాస్కులు ఇంటి యజమాని బాబాకీ, మేడమ్‌కీ, పిల్లలకీ ఇచ్చారు. పనివాళ్లకి తడిగుడ్డలు.

"మనకెందుకు మే మాస్కులు?" అనేది గురవమ్మ. "మిరపకాయలు దంచీ దంచీ మన ముక్కులు ఎప్పుడో రాటుదేలినాయి. మనల్ని చూస్తే ఆ గ్యాసే తుమ్ముకుంటా పోతాది."

రూతమ్మ గొణుగుతూ ప్రార్థన చేసుకుంటుంటే, "మీ యేసయ్యకు ఈడ ఇనపడతాదా మే? కొంచెం గట్టిగా అరువు" అని ఏడిపించేది.

ఒక సాయంత్రం సైరన్ మోగినప్పుడు చంటివాడి పాలసీసా తెమ్మని మేడమ్ గురవమ్మని కిందికి పంపింది. మిగతా అందరూ గదిలోకి వచ్చేశారు. రూతమ్మ తలుపు మూసింది. కాస్సేపు ఆగవలసింది. ఆగలేదు. చరచరా టేపు లాగి పైన, పక్కల, కింద అంటించేసింది. తువ్వాలు కుక్కింది.

అప్పుడు తలుపు మీద దెబ్బలు.

"రూతూ... నేను మే... తలుపు తియ్."

రూతమ్మ మేడమ్ వైపు చూసింది. మాస్కు అద్దాల వెనక నుంచి మేడమ్ ఆమెనే చూస్తోంది. తియ్యమనలేదు. వద్దనీ అనలేదు. బాబా పిల్లాణ్ణి పొదువుకుని గోడ వైపు తిరిగి ఉన్నాడు. వద్దన్నట్టు తల ఊపింది రూతమ్మే.

"నా తల్లివి కదా... ఊపిరి ఆడల్యా మే..."

ఎక్కడో దూరంగా నేల అదిరింది. దెబ్బలు ఆగిపోయాయి.

ప్రమాదం లేదని మళ్లీ సైరన్ మోగాక టేపు పీకి తలుపు లోపలికి లాగింది. తలుపుకి ఆనుకుని కూర్చున్న గురవమ్మ వెనక్కి, రూతమ్మ కాళ్ల మీదికి ఒరిగింది. ఒళ్లో పాలసీసా. ఇంకా వెచ్చగానే ఉంది.

బయట గాలి మామూలు గాలే. విషం లేదు, పాడూ లేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఎందుకు ఆగిందో రూతమ్మకి తెలుసు.

మెట్ల మీద పడిపోయిందని మేడమ్ అందరికీ చెప్పింది. రూతమ్మ కూడా అదే చెప్పింది. చిట్వేలి నుంచి ఫోన్ చేసి ఏడ్చిన గురవమ్మ కూతురితో కూడా, "మెట్ల మీద పడిపోయిందమ్మా, మేం చూసేసరికే..." అంది.

యుద్ధం అయిపోయింది. ఆ గదిలోకి రావడానికి మేడమ్‌కి మనసొప్పలేదు. ఇస్త్రీ బల్ల అక్కడ పడేసి, రూతమ్మని అక్కడే పడుకోమన్నారు. కిటికీల ప్లాస్టిక్ కూడా ఎవరూ పీకలేదు.

పడుకున్న మొదటి రోజే మొదలైంది. గట్టిగా కాదు. వేళ్ల కొసలతో తట్టినట్టు... ఆగి... మళ్లీ. తలుపు కింది సందులోంచి కాచిన పాల వాసన. రూతమ్మ లేచి, డ్రాయరులో మిగిలిన టేపు తీసి తలుపు చుట్టూ అంటించింది. తువ్వాలు తడిపి కుక్కింది. అప్పుడు వాసన ఆగింది. చప్పుడు ఆగలేదు.

ఇక రోజూ అంతే. పడుకునే ముందు టేపు అంటించడం, పొద్దున్నే పీకడం. టేపు అయిపోతే ఇంటి డ్రైవరు అమ్మిరాజు చేత తెప్పించుకునేది.

అమ్మిరాజుది అమలాపురం. వాళ్ల ఊరి చర్చిలో వాక్యం చెప్పినవాడు. ఇక్కడ పైకి ప్రార్థన చేసుకునే వీల్లేదు. మేడమ్ బజారులోకి వెళ్లినప్పుడు, పిల్లాడు వెనక సీటులో నిద్రపోతుంటే, కారు అద్దాలు ఎత్తేసి రేడియో పెట్టేవాడు. ఆ మోత కింద ఇద్దరూ గుసగుసగా ప్రార్థన చేసుకునేవారు. ఇన్ని టేపులెందుకని ఒకనాడు గట్టిగా అడిగాడు. రూతమ్మ జరిగిందంతా చెప్పేసింది.

"ఎన్నిసార్లు ఒప్పుకున్నానన్నయ్యా ప్రభువు దగ్గర? ఇంకా తలుపు కొడతానే ఉంది."

"ఒక్కసారి చాలమ్మాయ్. ఆయనేమన్నా చెవిటోడా?"

"మరి ఈ బరువేంటి?"

"ఆయన దింపేసిన మూటని నువ్వే మళ్లీ నెత్తికెత్తుకుంటన్నావు. క్షమాపణంటే నీ ఏడుపుకిచ్చే కూలి కాదు రూతమ్మా. ఊరికే ఇచ్చేడు. ఊరికే పుచ్చుకో."

"నేను ఊరికే పుచ్చుకుంటే... గురవమ్మకేం మిగిలిందన్నయ్యా?"

అమ్మిరాజు రేడియో చప్పుడు కొంచెం తగ్గించాడు.

"అది నాకు తెలీదమ్మా," అన్నాడు. "కానీ ఆ టేపు ఇంక నేను తేను."

గురవమ్మ స్థానంలో రాయచోటి నుంచి మహబూబ్బీ వచ్చింది. చిన్న వయసే కాని ఆయాసం మనిషి. నాలుగు మెట్లెక్కితే పిల్లిపిల్లలు కూసినట్టు కూసేది రొమ్ము. "నా లోపల హార్మోనియం ఉందక్కా, టిక్కెట్టు లేకుండా ఇనుకో" అని నవ్వేది.

యుద్ధం జరిగిన రెండేళ్లకి, ఎండాకాలం మొదట్లో, ఇంటివాళ్లంతా దూరాన ఉన్న ఖమీస్ ముషైత్‌లో పెళ్లికి పోయారు. అమ్మిరాజే కారు తోలుకెళ్లాడు. వీధి తలుపుకి తాళం వేసుకుపోయారు. ఇంట్లో ఆడవాళ్లిద్దరే.

సాయంత్రం అసర్ నమాజు వేళ దాటాక ఆకాశం అంచున ఎర్రటి గోడ లేచింది. దుమ్ము తుఫాను.

"పై డాబా మీద బట్టలున్నాయక్కా, తెస్తా," అంటూ మహబూబ్బీ పైకి పరిగెత్తింది.

"తొందరగా! అట్నించటే వెనక మెట్లమ్మట నీ గదిలోకి పోయి పడుకో, దుమ్ములో తిరక్కు!" అని అరిచింది రూతమ్మ. కింద కిటికీలన్నీ మూసి, తన గది చూసుకోడానికి వచ్చింది.

అంతలోనే పొద్దు ఆరిపోయింది. ముందు ఎరుపు, తర్వాత గోధుమరంగు, తర్వాత ఏమీ లేదు. కరెంటు పోయింది. ఏసీ మూలిగి ఆగింది. గాలి గోడల్ని రాసుకుంటూ ఏడుస్తోంది. ఎండుమట్టి వాసన. తలుపు కింద నుంచి సన్నటి దుమ్ము పాములా జారివస్తోంది.

రూతమ్మ తడుముకుంటూ టేపు తీసింది. ఆఖరి ఉండ. తలుపు చుట్టూ అంటించింది. తువ్వాలు కుక్కింది. చాప మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

దుమ్ము వాసన పోయింది.

పాల వాసన వచ్చింది.

టక్... టక్...

ఈసారి వేళ్లతో కాదు. అరచేత్తో.

"రూతూ..."

రెండేళ్లలో ఎప్పుడూ గొంతు వినపడలేదు. ఆమెని అలా పిలిచిన మనిషి లోకంలో ఒక్కతే.

"రూతూ... తలుపు తియ్ మే..."

రూతమ్మ చెవులు మూసుకుంది. యేసయ్యా, యేసయ్యా అంటోంది. దెబ్బలు ఎక్కువయ్యాయి. తలుపు చెక్క అదురుతోంది. ఒక మూల టేపు పట్టు వదిలింది... చర్ర్... మని.

అప్పుడు దగ్గు వినపడింది.

దగ్గు కాదు. కూత. పిల్లిపిల్లలు కూసినట్టు.

మహబూబ్బీ కింద తన గదిలో ఉంది కదా? ఉందా? చూసిందెవరు? చచ్చినవాళ్లకి బతికున్నవాళ్ల గొంతు ఎత్తుకోవడం ఎంత పని? తలుపు తీస్తే గురవమ్మ... తియ్యకపోతే...

తియ్యకపోతే ఏమవుతుందో రూతమ్మకి తెలుసు. ఒకసారి తియ్యలేదు.

అప్పుడనిపించిందట ఆమెకి. రెండేళ్లుగా నేను ప్రభువుని క్షమించమంటున్నాను. తలుపు బిగించుకుని, లోపల కూర్చుని.

లేచింది.

"గురవమ్మా," అంది తలుపుకి నోరు ఆనించి. "ఎవరూ వద్దనలేదు. నేనే తియ్యలేదు. నేను బతికితే చాలనుకున్నాను. ఆయన నన్ను క్షమించేడంటారు. నమ్ముతున్నాను. నువ్వు క్షమించక్కర్లేదు. నన్నేం చేసినా సరే... తీస్తున్నాను."

బయట దెబ్బలు ఆగాయి.

టేపు పీకింది. గోళ్లు విరిగాయి. తలుపు లాగింది.

దుమ్ముతో పాటు ఒక మనిషి వెనక్కి, ఆమె కాళ్ల మీదికి ఒరిగింది.

రూతమ్మ కెవ్వుమంది. కాని ఆ ఒళ్లు వెచ్చగా ఉంది. రొమ్ము కూస్తోంది. మహబూబ్బీ. మొహమంతా మట్టి, పెదాలు నీలం. లోపలికి ఈడ్చి, తలుపు నెట్టి, తువ్వాలు నీళ్లలో పిండి ముక్కు మీద పెట్టింది. వీపుకి తన ఒళ్లు ఆనించి కూర్చోబెట్టింది. పీల్చు తల్లీ, పీల్చు. చాలాసేపటికి ఊపిరి దారిన పడింది.

"డాబా తలుపు గాలికి బిగుసుకుపోయిందక్కా," అంది మహబూబ్బీ ముక్కలు ముక్కలుగా. "ఎట్లనో తోసుకోని ఈడికి వస్తి. ఇంక కాళ్లు ఆడల్యా. పిలుద్దామంటే నోరు రాల్యా. తలుపు కొట్టే దానికి చెయ్యి కూడా లేవల్యా."

రూతమ్మ తలుపు వైపు చూసింది.

"నువ్వు బయటికొచ్చి వీపు నిమరకపోతే ఆడనే పోయుందును. పాలు తాపుతా పాలు తాపుతా అంటివే, యాడివక్కా పాలు?"

రూతమ్మ మహబూబ్బీని ఇంకొంచెం దగ్గరికి పట్టుకుంది. తలుపుకి టేపు లేదు. చప్పుడూ లేదు. ఆ రాత్రి ప్రార్థనలో క్షమించమని అడగలేదు. స్తోత్రం అని మాత్రం అంది. గురవమ్మ పోయాక మొదటిసారి కంటి నిండా నిద్రపోయింది.

తెల్లారేసరికి గాలి తగ్గింది. ప్లాస్టిక్ వెనక నుంచి ఎండ పచ్చగా పడుతోంది. మహబూబ్బీ గోడవారన నిద్రపోతోంది, రొమ్ము నెమ్మదిగా కూస్తోంది. నేలంతా పసుపు చల్లినట్టు దుమ్ము. రూతమ్మ చీపురు తీసుకుంది.

గుమ్మం దగ్గర ఈడ్చిన జాడ ఉంది, అది మహబూబ్బీది. దాని పక్కనే ఇంకో జత పాదాలు. ఉత్తికాళ్లు. వెడల్పాటి మడమలు. గుమ్మం దాటి, గోడ వెంబడే, తొందర లేకుండా నడిచి వచ్చి, రూతమ్మ చాప దగ్గర ఆగాయి. వేళ్లు ఆమె దిండు వైపు తిరిగి ఉన్నాయి. రూతమ్మ తన పాదం పక్కన పెట్టి చూసుకుంది. తనవి కావు.

తిరిగి వెళ్లిన జాడ ఎక్కడా లేదు.

మహబూబ్బీని లేపలేదు. వరండా ఊడ్చింది, మెట్లు ఊడ్చింది. గదిలోకి తిరిగొచ్చి మూలలు ఊడ్చుకుంటూ చాప దగ్గరికి వచ్చి ఆగింది. ఇందాక నేల మీదున్న అచ్చులు ఇప్పుడు చాప అంచు మీద ఉన్నాయి.

రూతమ్మ చీపురు గోడకి ఆనించింది. వంగి, తన దిండు కొంచెం పక్కకి జరిపి, చాపలో సగం ఖాళీ చేసింది.