సరిహద్దు నడకకు సాక్షి

ఆ శనివారం సాయంత్రం స్కార్‌బెక్ చర్చి గేటు దగ్గర మీరూ ఉన్నారా? ఉంటే ఏం చూశారో చెప్పండి. మంచు పట్టింది, కళ్ళజోడు తడిసింది అని నసగొద్దు. చూసినవాళ్ళు నోరు మూసుకోబట్టే ఊళ్ళు ఇలా తగలడ్డాయి.

అక్టోబరు ఆఖరి శనివారం ఊరి బీడు చుట్టూ నడవడం అక్కడి పద్ధతి. తొమ్మిది మైళ్ళు, ఏడు సరిహద్దు రాళ్ళు. ఒకరు ముందు నడవాలి. ఒకరు సాక్షిగా వెనక రావాలి. ప్రతి రాయి దగ్గరా ముందువాళ్ళు "ఎవరు చూశారు?" అని అరవాలి, వెనకవాళ్ళు "నేను చూశాను" అనాలి. ముందు నడిచేవాళ్ళు తిరిగి చూడకూడదు, చూస్తే సాక్షిని శంకించినట్టు. ఒక్క ఏడు తప్పిందా, బీడు దొరగారిదైపోతుంది. నలభై ఇళ్ళ గొర్రెలకు మేత ఉండదు. ఊబినేలలో మట్టిగడ్డలు కోసి ఎండబెట్టుకుని పొయ్యిలో కట్టెలకు బదులు పెట్టుకునే హక్కూ ఉండదు.

హెస్టర్‌కు అరవై తొమ్మిదేళ్ళు. దొర కంచె వేయబోయిన ఏడు గుంజ పాతడానికి తీసిన గోతిలో దిగి మూడు రోజులు కదలకుండా కూర్చున్న మనిషి. ముప్ఫై ఏళ్ళు ఆమె, ముసలి సేత్ కలిసి, ఒక ఏడు ఒకరు ముందు, మరో ఏడు మరొకరు ముందుగా ఈ చుట్టు తిరిగారు. మొన్న ఫిబ్రవరిలో సేత్ పోయాడు.

ఆ ఉదయం రొట్టెల కొట్టు ముందు నిలబడి అడిగింది. "నాతో ఎవరొస్తున్నారు?"

"మోకాళ్ళు, హెస్టర్... మోకాళ్ళు," అన్నాడు కొట్టాయన.

"నిన్న సారాయి కొట్టుకు పరిగెత్తినప్పుడు లేవా నీ మోకాళ్ళు?"

అందరూ నవ్వారు. నవ్వి, ఎవరి రొట్టె వాళ్ళు చంకలో పెట్టుకున్నారు. ఆమె మేనల్లుడు ఆమోస్ మాత్రం టోపీ నలుపుతూ నిలబడ్డాడు. "ఈ వానలో ఎవరు చూడొచ్చారత్తా? ఇంట్లో కూర్చో. సాయంత్రం చర్చి గేటు దగ్గర దొర గుమాస్తా సాక్షిని అడిగితే నేనొచ్చానని చెప్తాలే."

"నీ గొర్రెలు మేసేది ఆ గడ్డేరా! అబద్ధం చెప్పడానికైతే వస్తావు, నడవడానికి రావూ?"

ఆమోస్ తల దించుకున్నాడు. హెస్టర్ కర్ర తీసుకుని ఒక్కతే బయల్దేరింది. నడక తప్పనివ్వకూడదు, సాక్షి సంగతి గేటు దగ్గర చూసుకోవచ్చు అనుకుంది.

ఊరు దాటగానే బీడు మొదలైంది. పూలు రాలిపోయిన హెదర్ పొదలు, కనుచూపు మేర తుప్పు రంగు. వాన సన్నబడి మంచయింది. మొదటి రాయి దగ్గర అలవాటు కొద్దీ "ఎవరు చూశారు?" అని అరిచింది. గాలి కూడా పలకలేదు. "పిచ్చిదానివే," అని తనను తానే తిట్టుకుంది. ముప్ఫై ఏళ్ళలో ఆ మాటకు జవాబు రాకపోవడం అదే మొదలు.

రెండో రాయి దగ్గర మళ్ళీ అరిచింది.

"నేను చూశాను."

దూరం నుంచి, మంచులోంచి. హెస్టర్ మొహం విప్పారింది. "వచ్చావుట్రా, గాడిదా! పొద్దున్నే రావడానికేం రోగం?" అంది, తిరక్కుండానే. ఆమోస్ సిగ్గుపడుతున్నాడు, పడనీ అనుకుంది.

మూడో రాయి దగ్గర గొంతు దగ్గరైంది. నాలుగో రాయి దగ్గర ఇంకా దగ్గరైంది. అక్కడ ఆమోస్ గొర్రెలే మేస్తున్నాయి. అతని వాసన తగిలితే చాలు, దాణా కోసం మీద పడే గొర్రెలవి. అవి తలలెత్తి ఆమె వెనక్కి చూశాయి. చూసి, ఒక్కటీ అరవకుండా పరిగెత్తాయి...

అప్పుడు వాసన తగిలింది. లోతుగా తవ్విన ఊబిమట్టి వాసన. చల్లగా, పుల్లగా.

ఐదో రాయికి ముందు ఊబి మీద పలకలు పరిచి ఉంటాయి. ఆమె అడుగు పడ్డప్పుడల్లా పలక టకటకమంది. ఆమె ఆగింది. పలకలూ ఆగాయి. వెనక మాత్రం మొదటి నుంచీ ఒక్క అడుగు చప్పుడూ లేదు. దాటి రాయి మీద చెయ్యి వేసింది. అరవలేకపోయింది. గుసగుసగా అంది.

"ఎవరు... చూశారు?"

"నేను చూశాను."

చెవి పక్కనే. ఊపిరి వెచ్చదనం మాత్రం లేదు.

"ఆమోస్?"

ఆమోస్‌ను చూసి అతని గొర్రెలు పారిపోవని అప్పుడు తట్టింది.

ఎడమ చేతి వైపు అడ్డదారి ఉంది. అరగంటలో ఊళ్ళో పడొచ్చు. పడితే చుట్టు తెగుతుంది, బీడు పోతుంది. ఊళ్ళో నలభై ఇళ్ళు ఉన్నాయి, ఆ దారిలో మాత్రం ఆమె ఒక్కతే. కర్ర బిగించి పట్టుకుని ముందుకే నడిచింది. ఆరో రాయి. ఏడో రాయి. అడిగింది. జవాబు విన్నది. తిరగలేదు.

పొద్దు వాలేసరికి చర్చి గేటు చేరింది. ఊరంతా అక్కడే ఉంది. దొరగారి గుమాస్తా లమ్లీ కాగితంతో, పాదిరి గారు పుస్తకంతో. ముందు వరసలో ఆమోస్... పొడి బట్టలతో.

"ఒక్కదానివే తిరిగావటగా," లమ్లీ నవ్వాడు. "సాక్షి ఎవరమ్మా?"

హెస్టర్ తిరగకుండానే కర్ర నేలకు ఆనించింది. లమ్లీ కళ్ళు ఆమె భుజం మీదుగా వెనక్కి వెళ్ళాయి. అక్కడే ఆగాయి. నవ్వు ఆరిపోయింది. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. "సరే. బీడు ఊరిదే."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆమోస్ టోపీ తీసి నేల చూశాడు. పాదిరి గారు పుస్తకం విప్పి ఆనవాయితీ మాట చదివారు. "ఈ ఏడు చూసినవారు వచ్చే ఏడు ముందు నడవాలి. నడిచినవారు వెనక సాక్షిగా వెళ్ళాలి."

"నడుస్తాను," అంది ఆమె వెనక గొంతు.

మట్టివాసన మెల్లగా బీడు వైపు మళ్ళిపోయింది.

మర్నాడు ఆమోస్ గొర్రెల్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఏడో రాయికి అవతల, ఊరి వైపు కాదు, ఊబి వైపు, నిన్నటి దాకా లేని రాయి నిలబడి ఉంది. మనిషెత్తు. ఒళ్ళంతా నల్లమట్టి, ఇంకా తడిగా. దానికవతల మంచులో మరొకటి. ఆపైన మరొకటి...

వచ్చే అక్టోబరులో హెస్టర్ వెళ్తుంది. వెళ్ళకపోతే బీడు పోతుందిగా. ముందు అది నడుస్తుంది, వెనక ఆమె. ఆ దారి తిరిగి ఊరికి వస్తుందో రాదో ఎవరికీ తెలీదు. ఊళ్ళో మోకాళ్ళకు అప్పుడే నొప్పులు మొదలయ్యాయి.

మీరొస్తారా ఆమెతో?